సైన్స్ ఫిక్షన్ సీరియళ్ళలో తప్పులు పట్టడం ఎలా: పెన్ను తీసే ముందు నుంచి రాసి పెట్టే దాకా

"సార్, ఆ సీన్లో తప్పుందని మీకెట్ల తెలిసిపాయ?" క్లాసు అయ్యాక పిల్లలు అడుగుతారు. ఫోన్లో పెద్దవాళ్ళూ అడుగుతారు. నేను కర్నూల్లో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను, రాత్రిపూట పక్కన నోట్‌బుక్కు పెట్టుకుని సైన్స్ ఫిక్షన్ సీరియళ్ళు చూస్తాను. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకని మొత్తం ఒకచోట రాసేస్తున్నాను. తప్పులు పట్టాలని సరదా ఉన్నవాళ్ళకే కాదు, సొంతంగా వెబ్ సిరీస్ తీసుకునే కుర్రాళ్ళకీ ఇదే పద్ధతి.

ఒక సంగతి ముందే చెప్పాలి. సైన్స్ ఫిక్షన్ కథకుడు మొదట్లోనే మన దగ్గర ఒకటో రెండో అబద్ధాలకు అనుమతి తీసుకుంటాడు. వెలుగు కంటే వేగంగా పోయే ఓడ ఉందనుకో, గతంలోకి పోయే యంత్రం ఉందనుకో అంటాడు. మనం సరేనని కూర్చుంటాం. ఆ అబద్ధాన్నే పట్టుకుని "ఇది సాధ్యం కాదు" అని రాస్తే అది తప్పు పట్టడం అవదు, ఇచ్చిన మాట తప్పడం అవుతుంది. అనుమతి అడక్కుండా దూర్చిన అబద్ధాలే మన లెక్కలోకి వస్తాయి. కింద చెప్పేవన్నీ ఆ రెంటినీ వేరు చేసుకోవడానికే.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

పెద్ద సరంజామా అక్కర్లేదు.

- గీతల నోట్‌బుక్కు ఒకటి. పేజీని నాలుగు నిలువు గళ్ళుగా గీయండి: సమయం, ఏం కనిపించింది, ఏం కనిపించాలి, నా అనుమానం.
- ఫ్రేము ఫ్రేముగా జరిపే సౌకర్యం (వీడియోలో ఒక్కో నిలిచిన బొమ్మే ఒక ఫ్రేము). కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్ ఉంటే ఇంగ్లీషు 'E' అక్షరం కీ నొక్కిన ప్రతిసారీ ఒక ఫ్రేము ముందుకు పోతుంది. యూట్యూబులో ఆపి ఉంచి, ఫుల్‌స్టాప్ కీ నొక్కితే ముందుకు, కామా కీ నొక్కితే వెనక్కి.
- అసలు భాష ఆడియో, సబ్‌టైటిళ్ళు. తెలుగు డబ్బింగ్ ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకూడదు. ఎందుకో 8లో చెబుతాను.
- లెక్కలకి ఫోన్లో క్యాలిక్యులేటర్.

ఓటీటీలో చూసేవాళ్ళకి స్క్రీన్‌షాట్ తీస్తే చాలాసార్లు నల్లటి బొమ్మే వస్తుంది. కంగారు పడొద్దు. ఎపిసోడు నంబరు, నిమిషం, సెకను రాసుకుంటే చాలు. బొమ్మ లేని తప్పునైనా నమ్ముతారు గానీ, సమయం రాయని తప్పుని ఎవరూ నమ్మరు.

## 2. మొదటిసారి పెన్ను ముట్టుకోవద్దు

ఎపిసోడు మొత్తం మామూలు ప్రేక్షకుడిలా చూడండి. ఉగ్గాని, బజ్జి పెట్టుకుని చూసినా పర్లేదు. మొదటిసారే పెన్ను పట్టుకుంటే కథ తలకెక్కదు. మూడో సీన్లో తప్పనుకున్నదానికి పదో సీన్లో జవాబు ఉంటే అది మీకు కనిపించదు.

ఈసారి ఒక్క పని చేయండి: చూస్తుండగా ఎక్కడ "అరె" అనిపించిందో ఆ నిమిషాన్ని గుర్తు పెట్టుకోండి. మూడు నాలుగు కంటే ఎక్కువ ఉండవు. అసలు పని అక్కడే మొదలవుతుంది.

## 3. అనుమతి పత్రం రాసుకోండి

నోట్‌బుక్కు మొదటి పేజీలో "ఈ సీరియల్ నన్ను నమ్మమన్నవి" అని శీర్షిక పెట్టి రాయండి. ఐదు వరసలు దాటకూడదు. దాటితే మీరు సీరియల్‌ని మరీ ఉదారంగా వదిలేస్తున్నట్టే.

ప్రతి అబద్ధం పక్కన దాని హద్దు కూడా రాయాలి. చాలామంది ఈ పని వదిలేస్తారు. ఓడ వెలుగు కంటే వేగంగా పోతుంది, సరే. ఎంతసేపు పోతుంది? ఆగాక మళ్ళీ ఎప్పుడు బయల్దేరుతుంది? ఇంజను చల్లబడడానికి పది నిమిషాలు పడుతుందని రెండో ఎపిసోడులో ఇంజనీరు నోటితోనే చెప్పించి, ఏడో ఎపిసోడులో హీరో ప్రాణం మీదికి వచ్చేసరికి నిమిషంలో రెండుసార్లు ఎగరేశారనుకోండి. భౌతిక శాస్త్రంతో నిమిత్తం లేకుండా అది తప్పే. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద తప్పు కూడా అదే. న్యూటన్ సూత్రం తెలియకపోతే క్షమించవచ్చు, తన సూత్రం తనే మర్చిపోతే ఎట్లా?

## 4. ఏ ఎపిసోడు ముందో తేల్చుకోండి

కంటిన్యుటీ తప్పులని, అంటే ముందు చూపించినదానికీ తర్వాత చూపించినదానికీ పొంతన లేదని, జనం రాసేవాటిలో కొన్ని అసలు తప్పులే కావు. తీసిన వరస ఒకటి, టీవీలో వేసిన వరస ఒకటి.

'స్టార్ ట్రెక్' అనే అమెరికన్ సీరియల్ 1966 సెప్టెంబరు 8న మొదలైంది. ఆ రోజు వేసింది ముందుగా తీసిన ఎపిసోడు కాదు. అంతకు ముందే తీసిన పైలట్, అంటే ఛానెల్‌కి చూపించడానికి తీసే నమూనా ఎపిసోడు, మూడో వారంలో వచ్చింది. అందులో యూనిఫారాలు వేరేగా ఉంటాయి, డాక్టరు వేరే మనిషి. వేసిన వరసలో చూసినవాడికి "రెండు వారాల్లో డాక్టరు మారి, మళ్ళీ పాతాయన వచ్చాడే" అనిపిస్తుంది. తీసిన వరసలో పెడితే చిక్కు విడిపోతుంది.

'ఫైర్‌ఫ్లై' అనే ఇంకో అమెరికన్ సీరియల్ సంగతి ఇంకా అన్యాయం. మనుషుల్ని పరిచయం చేయడానికి తీసిన మొదటి ఎపిసోడుని 2002 డిసెంబరు 20న, ప్రసారంలో చిట్టచివర వేశారు. వాళ్ళెవరో, ఓడలోకి ఎందుకెక్కారో తెలియకుండానే జనం మూడు నెలలు చూశారు. ఆ తప్పు ఛానెల్‌ది, రాసినవాళ్ళది కాదు.

కాబట్టి రెండు వరసలూ రాసుకోండి. ఒక వరసలో తప్పుగా కనిపించి రెండోదాంట్లో మాయమైతే, దాన్ని "ప్రసారం తప్పు" అని వేరే పేజీలో వేయండి.

## 5. రెండోసారి: సౌండు తీసేసి కంటిన్యుటీ చూడండి

మాటలు వినబడుతుంటే కన్ను ముఖాల మీదే ఉంటుంది. సౌండు తీసేస్తే చేతుల మీదికి, బల్లల మీదికి, గోడల మీదికి పోతుంది. ఒక్కో రౌండుకి ఒక్క విషయమే పెట్టుకోండి:

- మనిషి ఒంటి మీద: గాయం ఏ వైపు, జుట్టు, గుండీలు, చెమట
- చేతిలో, బల్ల మీద: గ్లాసులో మట్టం, ఆయుధం ఏ చేతిలో, తెరిచిన తలుపులు
- గోడ మీద: గడియారం, మానిటర్ల మీది అంకెలు
- నేల మీద: నీడలు, అడుగుజాడలు
- అంచుల్లో: మైకు, తీగ, అద్దంలో కెమెరా మనిషి

అన్నీ ఒకేసారి చూడబోతే ఏదీ కనపడదు. నాకు నలభై నిమిషాల ఎపిసోడుకి ఒక రౌండు ఇరవై నిమిషాలు పడుతుంది, వేగం పెంచి చూస్తాను కాబట్టి.

దగ్గర నుంచి ఒకటి చూపిస్తాను. మా దగ్గర చదివిన కుర్రాళ్ళు కొందరు ఓర్వకల్లు రాళ్ళ తోటలో అంగారకుడి మీద కథ తీశారు. నంద్యాల రోడ్డు మీద పోయేవాళ్ళకి ఆ రాళ్ళు తెలుసు, అంగారకుడంటే నమ్మేట్టే ఉంటాయి. పన్నెండు నిమిషాల ఎపిసోడు. తీసుకొచ్చి "చూడండి సార్" అన్నారు. ఇద్దరు వ్యోమగాములు ఒక బండ దగ్గర నిలబడి గొడవ పడే సీను అందులో ముఖ్యం.

నాలుగో నిమిషం దగ్గర ఆపాను. మొదటి షాట్లో పొడుగాటి వాడి నీడ ఎడమ వైపు పడింది, నీడ పొడవు సుమారు వాడి ఎత్తంత. వాడు ఒక మాట అంటాడు. రెండోవాడు జవాబు చెప్పే షాటు, మళ్ళీ మొదటివాడి షాటు. ఈసారి అదే బండ, అదే కోణం, నీడ కుడి వైపు ఉంది. మాటకి మాటకి మధ్య నీడ ఆ పక్క నుంచి ఈ పక్కకి దూకింది. పొద్దున తొమ్మిదిన్నరకి సగం తీశారు, ఎండ తట్టుకోలేక చెట్టు కిందికి పోయారు, మూడు దాటాక వచ్చి మిగతా సగం తీశారు. అంగీ చంకల్లో చెమట కూడా ఒక షాట్లో ఉంది, తర్వాతి షాట్లో ఆరిపోయింది.

దర్శకుడు గట్టివాడే. "సార్, అది మార్సు కదా, ఆడ నీడలు బిరబిరా తిరుగుతాయేమో!" అన్నాడు. తిరగవు. అంగారకుడి పగలూ రాత్రీ కలిపి 24 గంటల 39 నిమిషాల చిల్లర. నీడ గంటకి ఇక్కడ 15 డిగ్రీలు తిరిగితే అక్కడ 14.6 డిగ్రీలు. రెండు మాటల మధ్య అది ఒక డిగ్రీలో పదోవంతు కూడా కదలదు.

అదే షాట్లో వెనకాల రాళ్ళ మధ్య కుంట తళతళమంటోంది. అంగారకుడి మీద గాలి పీడనం మన దగ్గర ఉన్నదాంట్లో నూటికి ఒక వంతు కూడా లేదు. నీళ్ళు కుంటలా నిలవవు, గడ్డ కట్టాలి లేదా ఆవిరైపోవాలి. ఆ కుంటకి వాళ్ళు అనుమతి అడగలేదు. అడిగి ఉంటే, ఉదాహరణకి "వందేళ్ళ తర్వాత గాలి నింపిన అంగారకుడు" అని మొదట్లో ఒక్క వరస వేసి ఉంటే, నేను నోరెత్తేవాణ్ణి కాదు. పైగా హెల్మెట్ అద్దాలు లేకపోవడం కూడా చెల్లిపోయేది.

తీసేవాళ్ళకి సవరణ తేలిక. సీను మొదలుపెట్టినప్పుడు ఒక కర్ర నేలలో పాతి దాని నీడ ఫోటో తీసుకోండి. నీడ ఒక జానెడు జరిగితే ఆ సీను ఆపేసి వేరే సీను తీసుకోండి. గొడవ సీను మొత్తం ఒకే పూట. ప్రతి షాటు అయ్యాక నటుణ్ణి తల నుంచి కాళ్ళ దాకా ఫోన్లో ఒక ఫోటో తీసి పెట్టుకుంటే చెమట సంగతీ తేలిపోతుంది.

## 6. పేర్లు, వయసులు, తేదీలు

దీనికి ఒక పేజీలో అడ్డగీత గీసి సంవత్సరాలు రాసుకోండి. పాత్ర తన వయసు చెప్పినా, "ఐదేళ్ళ కిందట" అన్నా ఆ గీత మీద వేయండి. పది ఎపిసోడ్లయ్యేసరికి తప్పులు వాటంతట అవే బయటపడతాయి.

పేరున్న సీరియళ్ళూ ఇక్కడ జారిపడ్డాయి. 'స్టార్ ట్రెక్' పైలట్లో కెప్టెన్ కిర్క్ పేరు మీద ఒక సమాధి రాయి కనిపిస్తుంది. దాని మీద నడిమి అక్షరం 'ఆర్'. తర్వాత సీరియలంతా ఆయన జేమ్స్ 'టీ' కిర్క్.

అదే 'స్టార్ ట్రెక్'లో ఇంకో ప్రసిద్ధమైన తప్పు: ఖాన్ అనే విలన్ 1967 ఫిబ్రవరిలో మొదటి సీజన్లో వచ్చాడు. చెకోవ్ అనే కుర్ర అధికారి రెండో సీజన్లో గానీ తెర మీదికి రాలేదు. 1982లో వచ్చిన 'స్టార్ ట్రెక్' సినిమాలో ఖాన్ చెకోవ్‌ని చూసి "నీ ముఖం నాకు గుర్తుంది" అంటాడు. "అప్పటికే చెకోవ్ ఓడలోనే ఉన్నాడు, కెమెరాకి కనపడని చోట పని చేసేవాడు" అని అభిమానులు సర్ది చెబుతారు. ఆ సర్దుబాటు చెల్లుతుందా? నా లెక్కలో సగం చెల్లుతుంది. ఓడలో 400 పైచిలుకు మనుషులున్నారని సీరియలే చెప్పింది, అందర్నీ చూపించలేదు. అందుకని ఇలాంటివి "సర్దుకోదగినవి" అని వేరుగా రాస్తాను.

సర్దుకోలేనిది కావాలంటే 'డాక్టర్ హూ' అనే బ్రిటిష్ సీరియల్ చూడండి. 1975లో వచ్చిన కథలో, డాక్టరుతో కాలంలో తిరిగే శారా అనే పాత్ర తను 1980 నుంచి వచ్చానంటుంది. 1983లో వచ్చిన కథలో, ఆమెతో పని చేసిన బ్రిగేడియర్ 1977 నాటికే రిటైరై బళ్ళో పాఠాలు చెబుతుంటాడు. గీత మీద ఈ రెండూ పెడితే ఆయన కొలువు ముందో, పెన్షను ముందో తేలదు. అభిమానులు దశాబ్దాలుగా దీని మీద కొట్టుకుంటున్నారు, తర్వాత వచ్చిన రచయితలే దాన్ని జోకు చేసి వాడుకున్నారు.

## 7. సైన్సు లెక్కలు: ఏ వరసలో చూడాలి

పిల్లలు మొదట శబ్దం మీద పడతారు. శూన్యంలో శబ్దం వినబడదు, నిజమే, కానీ అది అందరికీ తెలిసిన తప్పు, రాస్తే కొత్తేమీ లేదు. పైగా చాలా సీరియళ్ళు దాన్ని నేపథ్య సంగీతంలాగా వాడతాయి. దాన్ని చివరికి పెట్టండి. నా వరస ఇది.

దూరం, కాలం. అన్నిటికంటే ఎక్కువ తప్పులు ఇక్కడే. నోట్‌బుక్కు వెనక అట్ట మీద ఈ అంకెలు రాసి పెట్టుకోండి:

- వెలుగు వేగం సెకనుకి సుమారు 3 లక్షల కిలోమీటర్లు
- చంద్రుడికి మాట చేరడానికి 1.3 సెకన్లు
- అంగారకుడికి 3 నుంచి 22 నిమిషాలు, రెండు గ్రహాలూ ఎక్కడున్నాయన్న దాన్నిబట్టి
- సూర్యుడి వెలుగు మనకి చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లు
- సూర్యుడి తర్వాత దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ, 4.24 కాంతి సంవత్సరాలు
- కాంతి సంవత్సరం, పార్సెక్ రెండూ దూరాలు. ఒక పార్సెక్ 3.26 కాంతి సంవత్సరాలు

అంగారకుడి మీద ఉన్నవాడు భూమ్మీద భార్యతో వీడియో కాల్లో టకటకా మాట్లాడుతుంటే, అనుమతి పత్రంలో "వెంటనే చేరే రేడియో" ఉందా చూడండి. లేకపోతే తప్పు. "హలో" అంటే "ఆఁ చెప్పు" అని తిరిగి వినబడడానికి గ్రహాలు దగ్గరగా ఉన్నప్పుడు కూడా ఆరు నిమిషాలు పడుతుంది.

శక్తి. 'స్పేస్: 1999' అని 1975 నుంచి 1977 దాకా 48 ఎపిసోడ్ల బ్రిటిష్ సీరియల్ ఉంది. 1999 సెప్టెంబరు 13న చంద్రుడి మీద పోగేసిన అణు వ్యర్థాలు పేలి, చంద్రుడు కక్ష్య వదిలి నక్షత్రాల మధ్యకి కొట్టుకుపోతాడు. ఇది లెక్క వేయడానికి బంగారం లాంటి ఉదాహరణ, క్లాసులో నేను ఏటా చేయిస్తాను.

చంద్రుడి ద్రవ్యరాశి సుమారు 7.35 × 10^22 కిలోలు. కక్ష్యలో వేగం సెకనుకి 1.02 కిలోమీటర్లు. భూమిని వదిలిపోవాలంటే ఇప్పుడున్న గతిశక్తికి అంతే ఇంకొంత కలపాలి. అది సుమారు 3.8 × 10^28 జౌళ్ళు (జౌలు శక్తికి కొలత). మనిషి ఇంతవరకు పేల్చిన అతి పెద్ద బాంబు 1961లో సోవియట్ వాళ్ళ 'జార్ బాంబా', 50 మెగాటన్నులు, అంటే సుమారు 2.1 × 10^17 జౌళ్ళు. భాగించండి. అలాంటి బాంబులు పద్దెనిమిది వేల కోట్లు కావాలి, అదీ పేలుడులో ఒక్క జౌలు కూడా వృథా కాకుండా చంద్రుణ్ణి తోయడానికే పనికొస్తే. అంత దెబ్బకి చంద్రుడి మీది స్థావరంలో మనుషులు కుర్చీల్లోంచి జారిపడి మళ్ళీ లేస్తారు!

ఇక్కడితో ఆపకండి. ఆ పేలుడే వాళ్ళు అడిగిన అనుమతి అనుకుని ఒప్పుకుందాం. తర్వాత వారం వారం కొత్త నక్షత్రం దగ్గరికి ఎట్లా పోతున్నారు? చంద్రుడు సెకనుకి 100 కిలోమీటర్ల వేగంతో పోయినా ప్రాక్సిమా సెంటారీ చేరడానికి 12,700 ఏళ్ళ పైన పడుతుంది. అభిప్రాయంతో పని లేకుండా ఒక్క భాగహారంతో తప్పు తేలిపోవడం అంటే ఇదీ.

గురుత్వం. దీనికి ఒక కొలత ఉంది, చాలామందికి తెలియదు. తెర మీద ఏదైనా చేతిలోంచి జారి పడే షాటు వెతకండి. నడుము ఎత్తు, అంటే సుమారు మీటరు ఉండాలి. సెకనుకి 25 ఫ్రేముల వీడియో అయితే పడడానికి పట్టే ఫ్రేములు లెక్కపెట్టండి:

- భూమ్మీద: 11
- అంగారకుడి మీద: 18
- చంద్రుడి మీద: 28

మన కుర్రాళ్ళ ఎపిసోడులో స్పానరు జారిపడింది. లెక్కపెట్టాం, పదకొండు. ఓర్వకల్లు దొరికిపోయింది. తీసేవాళ్ళకి సవరణ: కెమెరాలో సెకనుకి 40 ఫ్రేములకి పెట్టి తీసి 25కి ఆడించండి, పడే వస్తువు అంగారకుడి మీద పడ్డట్టే ఉంటుంది. చంద్రుడికైతే 60. మాటలున్న షాటుకి ఈ పని చేయకండి, నోరు సాగుతుంది.

గుండ్రంగా తిరిగే ఓడలకి ఇంకో లెక్క. లోపల భూమంత బరువు అనిపించాలంటే, నిమిషానికి 2 చుట్లు తిరిగే చక్రానికి 224 మీటర్ల వ్యాసార్ధం ఉండాలి. 10 మీటర్ల చిన్న చక్రమైతే నిమిషానికి తొమ్మిదిన్నర చుట్లు. చుట్లు గడియారం పెట్టి లెక్కపెట్టవచ్చు, వ్యాసార్ధం పక్కనున్న మనిషిని బట్టి అంచనా వేయవచ్చు. నెమ్మదిగా తిరిగే బుల్లి చక్రంలో జనం మామూలుగా నడుస్తుంటే రాసుకోండి.

కక్ష్య. "ఇంజను ఆగిపోయింది, ఇంకో పది నిమిషాల్లో గ్రహం మీద పడతాం!" అనే డైలాగు విని విని విసుగొచ్చింది. కక్ష్యలో ఉన్న ఓడకి తిరగడానికి ఇంజను అక్కర్లేదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తున సెకనుకి 7.66 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది, అప్పుడప్పుడు మాత్రమే కొంచెం పైకి తోస్తారు. అక్కడ గురుత్వం లేదనడం కూడా తప్పే. నేల మీద ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం ఉంది. కేంద్రమూ మనుషులూ కలిసి పడుతూనే ఉన్నారు, అందుకే తేలుతున్నట్టు ఉంటుంది.

శూన్యంలో మనిషి. సూటు లేకుండా బయటపడ్డ మనిషి బుడగలా పేలడు, క్షణంలో గడ్డకట్టడు. 1966లో హ్యూస్టన్లో నాసా శూన్య గదిలో జిమ్ లెబ్లాంక్ అనే టెక్నీషియన్ సూటు గొట్టం ఊడిపోయింది. 14 సెకన్ల దాకా స్పృహలో ఉన్నాడు. చివరగా తన నాలుక మీద ఉమ్మి మరుగుతున్నట్టు అనిపించిందని తర్వాత చెప్పాడు. బతికాడు. తెర మీద హీరో పది సెకన్లలో తలుపు చేరితే ఒప్పుకోండి. నిమిషంన్నర డైలాగు కొట్టి చేరితే ఒప్పుకోవద్దు.

శబ్దం, మలుపు తీసుకునేటప్పుడు విమానంలా పక్కకి వాలే ఓడలు, ఒకదానికొకటి ఆనుకుని దొర్లే గ్రహశకలాలు: ఇవన్నీ ఒకే వరసలో రాసి వదిలేయండి.

## 8. తప్పని రాసే ముందు నాలుగు అనుమానాలు

డబ్బింగ్ తప్పా? నేను మెడ విరగ్గొట్టుకున్నది ఇక్కడే. ఒక తెలుగు డబ్బింగ్ సీరియల్లో పాత్ర "మూడు కాంతి సంవత్సరాలుగా నీ కోసం వెతుకుతున్నా" అంది. నేను సంబరపడి పేజీన్నర వాయించాను. అసలు ఆడియోలో ఆ పాత్ర అన్నది ఉత్త "మూడేళ్ళు". సైన్స్ ఫిక్షన్ కదా అని డబ్బింగ్ రాసినాయన కాంతిని తనే కలిపాడు. మిలియన్‌ని కోటి చేయడం, బిలియన్‌ని లక్ష చేయడం కూడా చూశాను. అంకె కనిపించిన ప్రతిచోటా అసలు ఆడియో వినండి.

కోతా? ప్రకటనల కోసం ఛానెళ్ళు సీన్లు కత్తిరిస్తాయి. పూర్తి ఎపిసోడు చూడకుండా "ఈ గాయం ఎక్కడిది?" అని అడక్కూడదు.

కావాలని చేసిందా? కల, గతం, ఇంకో లోకం, అబద్ధం చెప్పే పాత్ర. గడియారం వెనక్కి తిరిగితే అదే కథలో కీలకం కావచ్చు. సీజను పూర్తయ్యే దాకా పెన్సిల్‌తో రాయండి.

ఆనాటికి అంతే తెలుసా? బుధుడు ఎప్పుడూ ఒకే ముఖం సూర్యుడి వైపు పెట్టి తిరుగుతాడని 1965 దాకా శాస్త్రవేత్తలే నమ్మారు. ఆ ఏడాది రాడార్ కొలతల్లో, అది తన చుట్టూ తాను 59 రోజులకోసారి తిరుగుతోందని తేలింది. అంతకు ముందు తీసిన కథలో బుధుడికి శాశ్వత చీకటి వైపు ఉంటే రచయిత పాఠం సరిగ్గానే చదువుకున్నాడని అర్థం. 2006కి ముందు తీసినదాంట్లో ప్లూటోని గ్రహం అన్నారని రాసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

## 9. బరువు వేసి రాయడం

మిగిలినవాటిని మూడు కుప్పలు చేయండి. కథ కూలిపోయేవి, కథ నిలబడి మనసు చివుక్కుమనేవి, వెతికితే తప్ప కనపడనివి. గ్లాసులో నీళ్ళ మట్టం మూడో కుప్ప. సొంత సూత్రం మర్చిపోవడం మొదటి కుప్ప. మొదటి కుప్పతోనే రాత మొదలుపెట్టండి.

ఒక్కో తప్పుకి నాలుగు వరసలు చాలు. ఓర్వకల్లు ఎపిసోడుకి నేను రాసిచ్చింది ఇలా ఉంది:

*నాలుగో నిమిషం, పన్నెండో సెకను. మొదటి వ్యోమగామి నీడ ఎడమ నుంచి కుడికి మారింది, మధ్యలో ఒక్క డైలాగు. అంగారకుడి మీద ఇంత మార్పుకి గంటలు కావాలి. సర్దుకోలేనిది. రెండో కుప్ప.*

వెక్కిరింపు ఎక్కడా లేదు చూడండి. అది ఉంటే కుర్రాళ్ళు ఇంకోసారి తీసుకురారు.

## 10. కొత్తవాళ్ళు చేసే పొరపాట్లు, వాటికి మందు

- అన్నీ రాయాలనుకోవడం. ఎపిసోడుకి ఐదు దాటితే బలహీనమైనవి కొట్టేయండి.
- "ఇది అసాధ్యం" అని వదిలేయడం. ఎంత అసాధ్యమో అంకెలో చెప్పండి. పద్దెనిమిది వేల కోట్ల బాంబులు అంటే చదివినవాడికి గుర్తుంటుంది.
- పాత సీరియల్‌లో సెట్లు, బొమ్మల నాణ్యతని తప్పుగా లెక్కేయడం. అట్టముక్క ఓడ అయినా వరస తప్పకపోతే మంచి ఓడే.
- వేరేవాళ్ళు పట్టిన తప్పుని చూడకుండా ఎక్కించుకోవడం. మీ కళ్ళతో ఆ సెకను చూడాల్సిందే.
- రాసింది తప్పని తేలాక గుట్టుగా తీసేయడం. గీత కొట్టి, కింద సవరణ రాయండి. నా కాంతి సంవత్సరాల పేజీన్నర ఇప్పటికీ గీత కొట్టి అట్లాగే ఉంది.

పంపే ముందు ఒకసారి సరిచూసుకోండి:

- అనుమతి పత్రంలో లేదు కదా?
- తీసిన వరసలో కూడా తప్పేనా?
- అసలు ఆడియో విన్నానా?
- ఎపిసోడు, నిమిషం, సెకను రాశానా?
- లెక్క రెండుసార్లు వేశానా?
- ఆ ఏటికి ఆ సంగతి తెలుసా?

కుర్రాళ్ళు పోయిన ఆదివారం పొద్దున ఆరింటికే మళ్ళీ ఓర్వకల్లు పోయారు, పాతడానికి కర్ర తీసుకుని. కుంట కనపడకుండా కెమెరాని బండకి అటువైపు పెట్టారట. స్పానరు మాత్రం ఈసారీ పదకొండు ఫ్రేముల్లోనే పడింది, 40కి పెట్టడం మర్చిపోయారు.